ప్రమాణ స్వీకార పతకాలు సేకరించాలంటే దేనితో మొదలుపెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. 2025 జనవరిలో ఉషా వాన్స్ బైబిల్ పట్టుకుని నిలబడగా ఆమె భర్త జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేయడం టీవీలో చూశాక, అమెరికా అధ్యక్షుల ప్రమాణ స్వీకార పతకాలు పోగు చేయాలనిపించింది, దేనితో మొదలుపెట్టాలి అన్నది ఒకటి. 1861 నాటి లింకన్ ఇనాగురల్ మెడల్ (ప్రమాణ స్వీకార పతకం) అంటూ ఆన్‌లైన్‌లో 150 డాలర్లకి పెట్టినది కొనొచ్చా అన్నది రెండోది. ముందు రెండోదానికి జవాబు: దయచేసి కొనకండి. పన్నెండేళ్ళ కిందట నా సేకరణ సరిగ్గా ఆ మెడల్‌తోనే మొదలైంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పటికి మేం షికాగో పక్కన నేపర్‌విల్‌కి కొత్త. 140 డాలర్లు పెట్టి తెప్పించుకున్నాను. మూడంగుళాల వెడల్పు, అరచేతి నిండా బరువైన కాంస్యం, ముందువైపు లింకన్ ముఖం. వెనకవైపు ఆయన 1861 మార్చి 4న అధ్యక్షుడిగా ప్రమాణం చేసినట్టు ఇంగ్లిషులో స్పష్టంగా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ కిందే రెండోసారి ప్రమాణం చేసిన తేదీ, దాని కింద 1865 ఏప్రిల్ 14న హత్య అని కూడా ఉన్నాయి. 1861లో చేసిన మెడల్ మీద నాలుగేళ్ళ తర్వాత జరిగిన హత్య తేదీ ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది. మీకు కనిపించినదాని వెనకవైపు ఫోటో ఉంటే ముందు ఆ చివరి వరుస చదవండి.

అది నకిలీది కాదు. యూఎస్ మింట్, అంటే అమెరికా ప్రభుత్వ టంకశాల, ప్రతి అధ్యక్షుడి పేరునా ఒక కాంస్య పతకం చేస్తుంది. ఈ వరుసకి మూలం, పూర్వం ఆదివాసీ తెగల నాయకులకి బహుమానంగా ఇచ్చిన శాంతి పతకాలు. వాటి మీద కలిపిన చేతులు, అడ్డంగా పెట్టిన గొడ్డలి, పొగ తాగే గొట్టం ఉంటాయి. మింట్ ఈ అధ్యక్షుల పతకాలనే మళ్ళీమళ్ళీ అచ్చు వేసి దశాబ్దాల పాటు మామూలు జనానికి అమ్మింది. కాబట్టి లింకన్ ముఖం ఉన్నంత మాత్రాన అది లింకన్ కాలం నాటిది కాదు. చాలావరకు 20వ శతాబ్దంలో అచ్చయినవే దొరుకుతాయి. అలాంటిదే ఇంకొకటి తర్వాత నాణేలు, పతకాలు అమ్మే ఒక కాయిన్ షోలో, ట్రేలో కుప్పగా పోసినవాటిలో, 8 డాలర్లకి కొన్నాను. రెండూ పక్కపక్కనే పెట్టి చూశాను, ఏ తేడా లేదు.

అసలు అధికారిక ప్రమాణ స్వీకార పతకం వేరు. ఊరేగింపు, విందులు, డ్యాన్సులు ఇవన్నీ చూసుకోవడానికి ప్రతిసారీ ఒక ఇనాగురల్ కమిటీ ఏర్పడుతుంది. ఆ కమిటీ ఒక శిల్పిని ఎంచుకుని చేయించేదే అధికారిక పతకం. సేకర్తలు ఈ వరుసని మామూలుగా 1901 నుంచి, అంటే అధ్యక్షుడు మెకిన్లీ రెండోసారి ప్రమాణం చేసినప్పటి నుంచి లెక్కపెడతారు. అంతకు ముందువని చెప్పేవి ప్రైవేటు వాళ్ళు చేసిన జ్ఞాపికలో, మింట్ పతకాలో అయి ఉంటాయి. మరీ పాతవాటిలో 1789లో వాషింగ్టన్ కోసం చేసిన కోటు గుండీలు ఉన్నాయి, 'అధ్యక్షుడు వర్ధిల్లాలి' అని చెక్కినవి. అవి నిజంగా అందమైనవి, కానీ వాటికి నకళ్ళు చాలా ఉన్నాయి. మొదటి ఏడాదిలో వాటి జోలికి వెళ్ళొద్దు.

తేదీ కూడా పనికొస్తుంది. 1933 దాకా ప్రమాణ స్వీకారానికి మామూలు తేదీ మార్చి 4, 1937 నుంచి జనవరి 20. ఈ చిన్న విషయం తెలిసి ఉంటే కొన్ని మోసాలు దూరం నుంచే కనబడతాయి. ఇక ప్రతి ప్రమాణ స్వీకారం అప్పుడూ టీవీ ప్రకటనల్లో వచ్చే రంగులు పూసిన నాణేలు చూసే ఉంటారు. అవి మామూలు నాణేల మీద ప్రైవేటు కంపెనీలు బొమ్మ అంటించి అమ్మేవి. వాటికి డబ్బు పెట్టకండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నా సలహా 1961 కెనడీ కాంస్య పతకం. సుమారు 70 మిల్లీమీటర్ల వెడల్పు. విరివిగా దొరుకుతుంది, నేను 25 డాలర్లకి కొన్నాను. చేసింది పాల్ మాన్‌షిప్. న్యూయార్క్ వెళ్ళినప్పుడు రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో బంగారు రంగు ప్రోమీథియస్ ముందు మనవాళ్ళంతా ఫోటో దిగుతారే, ఆ శిల్పి. 1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పతకం చేసిందీ ఆయనే. 28 ఏళ్ళ తేడాతో ఒకే చెయ్యి చెక్కిన రెండు ముఖాలు పక్కపక్కన పెట్టుకుని చూడటం ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. కెనడీ అర డాలర్ నాణెం మీది ముఖం మాత్రం మాన్‌షిప్‌ది కాదు. అది గిల్‌రాయ్ రాబర్ట్స్ మింట్ పతకం కోసం చేసిన ముఖం. చాలామంది ఇక్కడ తికమక పడతారు.

మీకు ఉపాధ్యక్షుల మీద ఆసక్తి కలిగింది కాబట్టి ఇంకో మాట. 1957 పతకం మీద ఐసెన్‌హోవర్, ఆయన ఉపాధ్యక్షుడు నిక్సన్ ఇద్దరూ ఉంటారు. 1973 దాని మీద అధ్యక్షుడైన నిక్సన్, ఆయన ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ. ఈ 1973ది నా పెట్టెలో 1974 ఫోర్డ్ పతకం పక్కనే ఉంటుంది. ఆగ్న్యూ 1973 అక్టోబరులోనే రాజీనామా చేశాడు, నిక్సన్ మరుసటి ఆగస్టులో. ఊరేగింపూ లేదు, విందులూ లేవు, నిక్సన్ స్థానంలో ఫోర్డ్ వైట్‌హౌస్ గదిలో ప్రమాణం చేశాడు. అయినా ఆయన పేర మైకో కాఫ్‌మన్ చేతి పతకం వచ్చింది. మా అబ్బాయికి ఆ రెండేళ్ళ చరిత్ర ఈ రెండు పతకాలూ చేతిలో పెట్టే చెప్పాను. ఇప్పటికీ వాడు పెట్టె తీస్తే ముందు వాటినే వెతుకుతాడు.

నేను కొనలేకపోయినా మనసులోంచి పోనిది 1905 నాటిది. ఆ ఏడు కమిటీ తరఫున చేయించిన పతకం అప్పటి అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్‌కి నచ్చలేదు. ఇంకొకటి చేయమని శిల్పి అగస్టస్ సెయింట్ గాడెన్స్‌ని పట్టుబట్టి అడిగాడు. సెయింట్ గాడెన్స్ రూపకల్పన చేశాడు, మట్టిలో మలిచింది అడాల్ఫ్ వైన్‌మన్ అనే శిల్పి, పోతపోసింది టిఫనీ కంపెనీ. రోజ్‌మాంట్‌లో జరిగిన ఒక షోలో ఒక డీలర్ దాన్ని గాజు పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. అంచు పట్టుకుని దీపం కిందికి వంచితే వెనకవైపు గద్ద ఈక ఈకగా లేచి వచ్చినట్టుంది. చదునైన జాగా మీద అక్షరాలు ఎంత ఎడం కావాలో అంత ఎడంతో ఉన్నాయి, ఒక్క గీత ఎక్కువ లేదు. ఆ గద్దే 1907లో పది డాలర్ల బంగారు నాణెం మీదికి ఎక్కింది. ధర అడగలేదు, అడగాల్సిన అవసరం లేదని డీలర్‌కీ తెలుసు. ఓ పది నిమిషాలు చూడనిచ్చాడు.

వెండి కొనాలా కాంస్యం కొనాలా అంటే, నాకు కాంస్యమే మేలు. వెండి పతకం ధర వెండి మార్కెట్‌తో పాటు ఊగుతుంది. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దాకా పోయినప్పుడు ఎన్నో వెండి పతకాలు కరిగిపోయాయి. పైగా మెరుపు వల్ల వెండి మీద ముఖం సరిగా చదవలేం.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను, ఎందుకంటే దీనివల్ల నేను పోగొట్టుకున్నది మళ్ళీ రాదు. 2019లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నా దగ్గర 1953 ఐసెన్‌హోవర్ కాంస్య పతకం ఉండేది, వాకర్ హాన్‌కాక్ చేసినది. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో దోపిడీకి గురైన కళాఖండాలని కాపాడిన సైనిక బృందంలో పనిచేసినవాడు ఆయన. ఆ యుద్ధంలో తన సేనాధిపతి అయిన ఐసెన్‌హోవర్ ముఖాన్ని తనే చెక్కాడు, అందుకే అదంటే నాకు ప్రాణం. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి అది డైనింగ్ టేబుల్ మీద కొత్త చెంబులా తళతళలాడుతోంది. "ఎంత నల్లబడిపోయిందో నాన్నా, చింతపండు, ఉప్పు పెట్టి తోమాను" అంది అమ్మ. ఎంతో సంతోషంగా చెప్పింది. నేనేమీ అనలేదు.

ఆ ముదురు గోధుమ రంగు మురికి కాదు. అచ్చు వేశాక రసాయనాలతో కావాలని రంగు తెప్పిస్తారు, ఎత్తుగా ఉన్నచోట కొంచెం రుద్ది తేలిక చేస్తారు. చెవి వెనక, దవడ కింద, ముక్కు పక్కన ఆ నలుపు నిలబడితేనే ముఖానికి లోతు వస్తుంది. తోమాక ఐసెన్‌హోవర్ చెంప, చెవి అన్నీ ఒకే మెరుపులో కలిసిపోయాయి. షోలో చూపిస్తే డీలర్ తల అడ్డంగా ఊపాడు. అమ్మ ఇప్పుడు లేదు, ఆ పతకాన్ని నేను అలాగే ఉంచుకున్నాను. మీరు మాత్రం చింతపండు, పీతాంబరి, పేస్టు ఏదీ తగలనివ్వకండి. తడిగుడ్డ కూడా వద్దు. అంచులు పట్టుకునే తీయండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది, గట్టి ప్లాస్టిక్ పెట్టె వాడండి.

కొనేచోటు గురించి: మీరు డల్లాస్‌లో ఉన్నానన్నారు కాబట్టి ఆన్‌లైన్ కన్నా ముందు దగ్గర్లోని కాయిన్ క్లబ్‌కి ఒక సాయంత్రం వెళ్ళండి. పెద్దవాళ్ళు ఉంటారు, కూర్చోబెట్టి ఓపిగ్గా చూపిస్తారు. నేను నేర్చుకున్నదంతా అలాంటివాళ్ళ దగ్గరే. ఆన్‌లైన్‌లో కొనాల్సి వస్తే మూడు ఫోటోలు అడగండి: ముందు, వెనక, అంచు. అంచు మీద చేసిన కంపెనీ పేరు, వెండిదైతే దాని స్వచ్ఛత ఉండే అవకాశం ఎక్కువ. అంచు ఫోటో ఇవ్వనంటే వదిలేయండి.

ఆ లింకన్ మెడల్ అమ్మేవాళ్ళని వెనకవైపు ఫోటో అడిగి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.