ముందు ఆమె పని నేర్చుకో

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి ఆదివాసుల గవ్వల హారాల గురించి, వాటిని గుచ్చిన ఆదివాసి మహిళ ఫానీ కాక్రేన్ స్మిత్ జీవితం గురించి రాయబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఎన్నో జీవిత కథలు రాసినవాణ్ణి కనుక నాలుగు మాటలు చెబుతాను.

తెల్లవాళ్ల అకృత్యాలతో మొదలుపెట్టకు. ముందు హారం ఎలా తయారవుతుందో తెలుసుకో. మైరీనర్ అనే బుల్లి గుల్లలను, ప్రాణంతో ఉన్నప్పుడే, ఆటు వేళ నీళ్లలోకి దిగి సముద్రపు నాచు మీంచి ఏరాలి. పూర్వం వాటికి పొగ పెట్టి, రుద్ది పైపొర తీసేవారు. అప్పుడు లోపలి నీలాకుపచ్చ తళుకు బయటపడేది. జంతువు పంటితో బెజ్జం వేసి, కంగారూ నరానికి గుచ్చేవారు. వలస వచ్చినవాళ్లతో పాటు ఇనుప పనిముట్లు, నూలు దారం వచ్చాయి. గుల్లా మారలేదు, ఏరే ఓపికా మారలేదు. పొడవాటి హారానికి వందల గుల్లలు కావాలి మరి!

ఇది మనసుకెక్కాక ఆమె జీవితంలోకి వెళ్లు. 1834లో టాస్మేనియా దగ్గరి ఫ్లిండర్స్ ద్వీపంలోని వైబలెన్నాలో పుట్టింది. సొంత నేల నుంచి తరలించిన ఆదివాసులను ప్రభుత్వం ఉంచిన చోటది. జబ్బులతో చాలామంది పోయారు. 1847లో మిగిలిన 47 మందిని టాస్మేనియాలోని ఆయిస్టర్ కోవ్‌కు మార్చారు. ఆమె 1854లో విలియం స్మిత్‌ను పెళ్లాడింది, 11 మంది పిల్లల్ని కన్నది. అంత సంసారంలోనూ బుట్టలు అల్లడం, గవ్వలు గుచ్చడం మానలేదు. నీ వ్యాసం ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. గవ్వల హారాలు వేసుకున్న ఆమె ఫొటో దొరుకుతుంది, తీరిగ్గా చూడు. జాలిపడుతూ రాయాలనిపించదు.

1876లో ట్రుగనీని అనే ఆదివాసి మహిళ చనిపోగానే ఆ జాతే అంతరించిందని ప్రచారం చేశారు. అది పచ్చి అబద్ధం, నువ్వు మళ్లీ రాయకు. ఫానీ 1903లో కూడా ఆ రోజుల్లో శబ్దం రికార్డు చేసే మైనపు సిలిండర్ మీద తన వాళ్ల పాటలు పాడి రికార్డు చేయించింది. కేప్ బారెన్ ద్వీపంలో ఆడవాళ్లు ఈ పనిని తరతరాలుగా నేర్పుకుంటూ వచ్చారు, ఇవాళ్టికీ గుచ్చుతున్నారు. ట్రుగనీనిదని చెప్పే హారాన్ని ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ మ్యూజియం 1997లో టాస్మేనియా ఆదివాసులకు తిరిగి ఇచ్చింది కూడా.

ఇంకొకటి. గుల్లలు ఏ తీరంలో దొరుకుతాయో ఎవర్నీ గుచ్చి గుచ్చి అడగకు. అది వాళ్ల కుటుంబాలు దాచుకునే విషయం. రాసింది అచ్చుకిచ్చే ముందు అక్కడివాళ్లకు చూపించు, వద్దన్నది కొట్టెయ్. టెన్షన్ పడకు. నాకూ ఒక కాపీ పంపితే వెంటనే చదువుతాను.

నీ మేనమామ