సమాధానం: బ్యాంకు స్టేట్‌మెంటు కూడిక సున్నా చూపడం

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులో బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి ఖర్చులు కూడితే సున్నా ఎందుకు వస్తోందని మీరు అడిగారు. మీ రాస్ప్‌బెర్రీ పైలో గానీ, కూడిక చేసే సమ్ సూత్రంలో గానీ లోపం లేదు. బ్యాంకు నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైలులోని (కామాలతో విడదీసిన వివరాల ఫైలు) మొత్తాలు లిబ్రేఆఫీస్ కాల్క్ అనే లెక్కల పట్టిక ప్రోగ్రాములోకి అంకెలుగా కాక అక్షరాలుగా చేరాయి. సమ్ అక్షరాలను లెక్కలోకి తీసుకోదు కనుకనే ఖర్చుల వరుస కింద సున్నా వస్తోంది.

1. కంట్రోల్, ఎఫ్8 కలిపి నొక్కండి. అంకెలు నీలంగా, అక్షరాలు నల్లగా కనిపిస్తాయి. మీ “1,25,000.00” నల్లగా ఉంటే కారణం ఇదే.

2. ఆ నిలువు వరుసను ఎంచుకొని, ఫార్మాట్‌ను నంబరుకు మార్చండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫార్మాట్ మార్చినంత మాత్రాన గడిలో అప్పటికే ఉన్న అక్షరాలు అంకెలు కావు. వాటిని కాల్క్ చేత మళ్లీ చదివించాలి, అందుకే మిగిలిన రెండు మెట్లు తప్పనిసరి.

3. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో, ఎంచుకున్న వరుసకే పరిమితం చేసి, కామాలను తీసివేయండి. దీన్ని వదిలేసి ముందుకు వెళితే, నాలుగో మెట్టులో కామాను విభజన గుర్తుగా తీసుకొని 1, 25, 000.00 మూడు గడులుగా చీలి, పక్కనున్న నిల్వ వరుసను చెరిపివేసే ప్రమాదం ఉంది.

4. వరుస ఎంపికలో ఉండగానే డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ (గడిలోని పాఠాన్ని నిలువు వరుసలుగా విడదీసే సాధనం) తెరిచి, ఏమీ మార్చకుండా ఓకే నొక్కండి.

అంకెలు నీలంగా మారగానే కూడిక దానంతట అదే సరిపోతుంది. అసలు సీఎస్‌వీ ప్రతిని మాత్రం దయచేసి విడిగా భద్రపరచుకోండి.