పాత మిలిట్రీ కాగితాల్లో పొడి అక్షరాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డిశ్చార్జి బుక్కు, షీట్ రోల్ (జవాను సర్వీసు వివరాల పట్టీ), పి.పి.ఓ. (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) లాంటి కాగితాల మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నింటికీ వర్తించే మాట ఒకటి ముందే చెప్పుకుందాం. పొడి అక్షరాలను విడిగా చదవొద్దు. అవి ఏ గడిలో ఉన్నాయి, ఏ ఏడాది రాశారు, ఏ పల్టన్ కాగితం అన్నవి చూశాకే అర్థం తేల్చాలి. సి.ఎం.పి. అని యూనిట్ గడిలో ఉంటే మిలిట్రీ పోలీసు విభాగం. అదే పాత పెన్షన్ కాగితంలో ఉంటే మిలిట్రీ పెన్షన్ల కంట్రోలర్. ఈ ఆఫీసే ఇప్పుడు ప్రయాగ్‌రాజ్‌లో పి.సి.డి.ఎ.(పి), అంటే రక్షణ లెక్కల ప్రధాన కంట్రోలర్ (పెన్షన్లు) పేరుతో నడుస్తోంది.

ప్రశ్న: మా నాయిన 1961 మార్చి 12 నుంచి 1976 మార్చి 31 దాకా మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో పనిచేశారు. కాగితాల్లో ఆరేడు చోట్ల ‘ఎస్.ఓ.ఎస్.’ అని ఉంది. అన్నిసార్లు ఉద్యోగంలోంచి తీసేశారా? పదిహేనేళ్లు దాటినా పెన్షన్ రాలేదు. ఆయన పోయారు. అమ్మకు ఏమైనా వస్తుందా? (నర్సంపేట)

జవాబు: ఎస్.ఓ.ఎస్. అంటే ‘స్ట్రక్ ఆఫ్ స్ట్రెంత్’. ఆ యూనిట్ లెక్కలోంచి పేరు కొట్టేశారని మాత్రమే. బదిలీ అయినా, పెద్ద ఆసుపత్రికి పంపినా, శిక్షణకు వెళ్లినా అలాగే రాస్తారు. దాని జోడీ టి.ఓ.ఎస్., అంటే ‘టేకెన్ ఆన్ స్ట్రెంత్’. ఒక యూనిట్ కొట్టేసిన తేదీకి ఇంకో యూనిట్ చేర్చుకున్న తేదీ మర్నాడో, ప్రయాణపు రోజులు పోగా ఆ వారంలోనో ఉండాలి. పెన్సిలుతో ఒక కాగితం మీద రెండు వరుసలుగా రాసుకుంటూ పోండి. జోడీ దొరకని ఎస్.ఓ.ఎస్. ఉంటే, అది చివరిదైనా కావాలి, లేదా ఆ మధ్యలో ఏదో జరిగి ఉండాలి. పక్కనే ‘పి.టి. టు ఓ’ అని నంబరు, ఏడాది ఉంటాయి. అది పార్ట్ టు ఆర్డర్ నంబరు. సెలవు, ప్రమోషన్, పెళ్లి, పిల్లల పుట్టుక, శిక్ష ఇలా జవాను సొంత విషయాలన్నీ ఆ ఆర్డర్లలోనే ప్రకటిస్తారు. రికార్డ్ ఆఫీసుకు రాసేటప్పుడు ఆ నంబరు ఇస్తే వాళ్లకు వెతకడం తేలికవుతుంది.

ఇక పెన్షన్. మీరిచ్చిన తేదీల ప్రకారం మొత్తం సర్వీసు 15 సంవత్సరాల 20 రోజులు. అయితే పెన్షన్‌కు లెక్కించేది మొత్తం సర్వీసును కాదు, ‘క్యూ.ఎస్.’ను, అంటే అర్హత సర్వీసును. అందులోంచి ‘ఎన్.క్యూ.ఎస్.’ను, అంటే లెక్కకు రాని సర్వీసును తీసేస్తారు. మీరు పంపిన నకలులో ‘ఎన్.క్యూ.ఎస్. 38 డేస్’ అని ఉంది. 20 రోజులు మిగులు, 38 రోజులు కోత. పదిహేనేళ్లకు 18 రోజులు తక్కువ పడ్డాయి. పెన్షన్ ఆగింది అక్కడే.

ఆ 38 రోజులు ఎక్కడివో కూడా ఆ కాగితమే చెబుతోంది. ‘ఓ.ఎస్.ఎల్.’ అంటే సెలవు గడువు దాటి ఇంటి దగ్గరే ఉండిపోవడం. ‘ఎ.ఎ. సెక్ 39(బి)’ అంటే 1950 ఆర్మీ చట్టంలో ఆ తప్పుకు ఉన్న సెక్షన్. సెలవే లేకుండా వెళ్లిపోతే ‘ఎ.డబ్ల్యు.ఎల్.’ అని, 39(ఎ) అని రాస్తారు. ‘ఆర్.ఐ.’ అని ఉంటే కఠిన కారాగార శిక్ష. ఈ రోజులన్నీ అర్హత సర్వీసులోంచి పోతాయి. వరి కోతలప్పుడు ఊరికొచ్చి పది రోజులు ఆలస్యంగా వెళ్లినా ఖాతా మాత్రం ఇదే.

ఇప్పుడు దారి ఏమిటి? పన్నెండు నెలల లోపు లోటును మాఫీ చేసే వీలుంది. రక్షణ శాఖ 2001 ఆగస్టు 14 నాటి ఉత్తర్వులో ఆ పరిమితి ఉంది. కాకపోతే ముందు డిశ్చార్జి కారణం గడి చూడండి. అక్కడ ‘ఎ.ఆర్. 13(3)’ తర్వాత ఒక రోమన్ అంకె, బ్రాకెట్లో ఇంకో చిన్న అంకె ఉంటాయి. ఇది 1954 ఆర్మీ రూల్స్‌లోని పట్టిక. మూడు, బ్రాకెట్లో ఒకటి అయితే చేరినప్పటి షరతులు పూర్తయ్యాయని. బ్రాకెట్లో మూడు అయితే ఆరోగ్యం పనికిరాదని. నాలుగు అయితే తనే అడిగి వెళ్లారని. అయిదు అయితే మిగతా కారణాలన్నీ. ‘ఎస్.ఎన్.ఎల్.ఆర్.’, అంటే ‘ఇక సేవలు అక్కర్లేదు’ అన్నది కూడా ఎక్కువగా ఈ అయిదు కిందే కనిపిస్తుంది. తనే అడిగి వెళ్లినవాళ్లకు మాఫీ వర్తించదని నిబంధన. మీ నాయిన గారిది బ్రాకెట్లో ఒకటి కాబట్టి ఆ అడ్డం లేదు. అమ్మగారి పేరుతో బెంగళూరులోని ఎం.ఇ.జి. (మద్రాస్ ఇంజనీర్ గ్రూపు) రికార్డ్స్‌కు దరఖాస్తు పెట్టండి. మాఫీ దొరికితే కుటుంబ పెన్షన్ అడగడానికీ అదే ఆధారం.

ఒక జాగ్రత్త. డిశ్చార్జి బుక్కులో ‘కలర్’, ‘రిజర్వ్’ అని రెండు లెక్కలు ఉన్నాయేమో చూడండి. ‘7/8’ లాంటి అంకెలుంటే ఏడేళ్లు పల్టన్‌లో, ఎనిమిదేళ్లు రిజర్వులో అని అర్థం. రెండూ కలిపి పదిహేనేళ్లు నిండితే రిజర్విస్టు పెన్షన్ వేరే ఉంది. చాలా ఇళ్లలో రిజర్వు కాలాన్ని ‘ఉత్తగనే ఇంట్ల ఉన్నడు’ అనుకొని వదిలేస్తారు.

ప్రశ్న: మా తాత మలయాలో యుద్ధం చేశాడని ఇంట్లో అంటారు. మాకు దొరికిన ఒక ముక్కలో ‘1 హైద్ ఇన్ఫ్, ఐ.ఎస్.ఎఫ్.’, ఇంకో చోట ‘పి.డబ్ల్యు.’, ‘గ్రే’ అని ఉన్నాయి. హైదరాబాద్ రెజిమెంటే ఇప్పటి కుమావ్ రెజిమెంట్ అని తెలిసి రాణీఖేత్‌కు రాశాం. పేరు లేదన్నారు. ఉర్దూ కాగితంలో ‘15 ఆజూర్ 1351 ఫ’ అని ఉంది. (ధర్మపురి)

జవాబు: రాణీఖేత్ వాళ్లు సరిగ్గానే చెప్పారు. పేర్లు ఒకేలా ఉండటంతో రెండు వేరే సైన్యాలు కలిసిపోయాయి. ‘19 హైద్ ఆర్’ లేదా ‘4/19’ (19వ రెజిమెంట్ నాలుగో పల్టన్) అని ఉంటే అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన పేరే తప్ప, అందులో ఎక్కువమంది కుమావోనీలు, జాట్లు, అహీర్లు. అదే 1945లో కుమావ్ రెజిమెంట్ అయింది. మీ తాతగారి కాగితంలోని ‘ఐ.ఎస్.ఎఫ్.’ అంటే ‘ఇండియన్ స్టేట్ ఫోర్సెస్’, సంస్థానాల సొంత సైన్యం. ‘1 హైద్ ఇన్ఫ్’ నిజాం సర్కారు పల్టన్. మొదటి ప్రపంచ యుద్ధం కాగితాలైతే ఐ.ఎస్.ఎఫ్. బదులు ‘ఐ.ఎస్.టి.’ అని ఉంటుంది, ఇంపీరియల్ సర్వీస్ ట్రూప్స్ అని. చిక్కేమిటంటే రెండు పల్టన్లూ మలయాలోనే ఉన్నాయి. నిజాం పల్టన్ 1941 డిసెంబరులో కోటా భారు ఎయిర్‌ఫీల్డ్ దగ్గర ఉంది. 4/19 పల్టన్ 1942 జనవరిలో స్లిమ్ నది దగ్గర దెబ్బతింది. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. కాబట్టి ‘మలయా’, ‘పి.డబ్ల్యు.’ అన్న రెండు మాటలు చూసి పల్టన్ తేల్చలేం. ఐ.ఎస్.ఎఫ్. అన్న మూడక్షరాలే తేలుస్తాయి.

పి.డబ్ల్యు. అంటే యుద్ధఖైదీ. ముందు ‘మిస్సింగ్’ అని రాసి, నెలల తర్వాత కబురు తెలిశాక దాన్ని కొట్టేసి పి.డబ్ల్యు. చేసినవి చాలా ఉన్నాయి. మిస్సింగ్ తేదీని పట్టుబడిన తేదీగా తీసుకోకండి. యుద్ధం ముగిశాక ‘ఆర్.ఎ.పి.డబ్ల్యు.ఐ.’ కనిపిస్తే, అది ఖైదీలను వెతికి వెనక్కి తెచ్చిన సంస్థ. ‘గ్రే’ రంగు కాదు, దర్యాప్తు తీర్పు. తిరిగొచ్చిన ఖైదీలను ప్రశ్నించి ‘వైట్’, ‘గ్రే’, ‘బ్లాక్’ అని మూడు వర్గాలు చేశారు. ఆజాద్ హింద్ ఫౌజ్‌తో కలవని వాళ్లు వైట్. నమ్మకంతో కలిశారని బ్రిటిష్ వాళ్లు అనుకున్నవాళ్లు బ్లాక్. మధ్యలో ఉన్నవాళ్లు గ్రే. పక్కన ‘సి.ఎస్.డి.ఐ.సి.(ఐ)’ అని ఉంటే ఆ ప్రశ్నించిన కేంద్రం పేరు. ‘జె.ఐ.ఎఫ్.’ అంటే జపాన్ ప్రేరేపించిన వాడని బ్రిటిష్ వాళ్లు పెట్టిన ముద్ర. అప్పట్లో మచ్చలాంటి ఆ మూడక్షరాలే తర్వాత పనికొచ్చే ఆధారమయ్యాయి. 1972లో వచ్చిన స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పథకంలో ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లూ ఉన్నారు. కానీ గ్రే అన్న ఒక్క మాటతో ఫౌజ్‌లో చేరినట్టు రుజువు కాదు.

తేదీ సంగతి. ‘ఫ’ అంటే ఫస్లీ. నిజాం సర్కారు ఫస్లీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఆజూర్, దై నెలలైతే ఫస్లీకి 590 కలపండి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపాలి. బహ్మన్ డిసెంబరు, జనవరి మధ్యన పడుతుంది కాబట్టి అక్కడ తేదీ చూసుకోవాలి. మీది 15 ఆజూర్ 1351, అంటే 1941 అక్టోబరు మూడో వారం. కోటా భారుకు ముందటి కాగితమన్నమాట. భూమి పత్రాలకు అలవాటుపడ్డవాళ్లు జూలై నుంచి లెక్కేసి తప్పుతున్నారు.

నిజాం ప్రభుత్వ శాఖల ఫైళ్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఫస్లీ ఏడాది, పల్టన్ పేరు, ఉర్దూలో తాతగారి పేరు ఎలా రాశారో ఆ ముక్క నకలు తీసుకెళ్లండి. తెలుగులో చెప్పే పేరుతో వెతికితే దొరకడం కష్టం.

ప్రశ్న: మా పెద్దనాయిన డిశ్చార్జిలో ‘సి.ఇ.ఇ.(పి) 20% నానా’ అని ఉంది. నానా అంటే? (జనగామ)

జవాబు: ‘ఏ’, ‘బీ’, ‘సీ’ వైద్య కేటగిరీలను వినికిడిలో పొరపాటు రాకుండా మూడేసి అక్షరాలతో రాసేవాళ్లు. సి.ఇ.ఇ. అంటే సీ కేటగిరీ. ‘పి’ శాశ్వతం, ‘టి’ తాత్కాలికం. ఆ తర్వాతి కాలం కాగితాల్లో ‘షేప్’ ఉంటుంది. మానసిక స్థితి, వినికిడి, కాళ్లుచేతులు, దేహశక్తి, కంటిచూపు, ఒక్కో అక్షరానికి ఒక్కోటి. 20 శాతం అంటే వైకల్య పెన్షన్‌కు కావలసిన కనీసం. కానీ ‘నానా’, అంటే ‘ఎన్.ఎ.ఎన్.ఎ.’ దాన్ని కొట్టేసింది. రోగం సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని వైద్య బోర్డు రాసిన మాట అది.

దీన్నే ఆఖరి మాట అనుకోవద్దు. చేరేటప్పుడు వైద్య పరీక్షలో ఆ రోగం నమోదు కాకపోతే, అది సర్వీసులోనే వచ్చిందని భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే డిశ్చార్జి బుక్కు ఒక్కటే కాదు, చేరినప్పటి వైద్య పత్రం, ‘ఆర్.ఎం.బి.’ లేదా ‘ఐ.ఎం.బి.’ అని ఉన్న బోర్డు నకలు రెండూ తెప్పించుకోండి. మొదటిది విడుదలప్పటి బోర్డు, రెండోది ఆరోగ్యం కారణంగా పంపేసేటప్పటి బోర్డు.

ప్రశ్న: ‘సెప్’, ‘పి/ఎ/ఎన్.కె.’, ‘జి.పి. డి’, ‘ఎన్.సి.(ఇ)’, ‘ఆర్.యు.’ అంటే ఏమిటి? (పరకాల)

జవాబు: సెప్ అంటే సిపాయి. పక్కన ఏడాది ఉంటే సెప్టెంబరు. పి/ఎ/ఎన్.కె. అంటే జీతంతో తాత్కాలికంగా నాయక్. ‘యు/ఎ’ అయితే హోదా ఉంది, దానికి జీతం లేదు. జి.పి. డి జీతపు గ్రూపు, వైద్య కేటగిరీ కాదు. ఎన్.సి.(ఇ) అంటే యుద్ధం చేయకపోయినా సైన్యంలో నమోదైన వంటవాళ్లు, ధోబీలు, మంగలివాళ్లు. ఆర్.యు. రోమన్ ఉర్దూ, స్వాతంత్ర్యానికి ముందు జవాన్ల చదువు పరీక్ష ఆ లిపిలోనే. జమాదార్ అని కనిపిస్తే ఇప్పటి నాయబ్ సుబేదార్, పేరు 1965లో మారింది.

ప్రశ్న: బుక్కు పోయింది. నంబరు ఒక్కటే గుర్తుంది. ఎవరికి రాయాలి? (మంథని)

జవాబు: ఏ విభాగమో దాన్ని బట్టి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఇ.ఎం.ఇ. (యంత్రాల మరమ్మతు విభాగం), ఎ.ఓ.సి. (ఆయుధ సామగ్రి విభాగం) అయితే సికింద్రాబాద్. వైమానిక దళానికి ఢిల్లీ సుబ్రతో పార్క్. నంబరు చివరి ఇంగ్లిషు అక్షరం కంపెనీ పేరు కాదు, అంకెల్లో తప్పు పట్టుకోవడానికి పెట్టిన అక్షరం. దాన్నీ రాయండి. ‘జె.సి.’తో మొదలైతే అది నాయబ్ సుబేదార్ అయ్యాక ఇచ్చిన కొత్త నంబరు. దానికి ముందటిది ఇంకోటి ఉంటుంది.

పేరు మీరు పిలిచేలా కాదు, రికార్డులో ఉన్నట్టు రాయాలి. మన ఇంటిపేర్లను గుమస్తాలు చివర వేసేవాళ్లు, కొన్నిసార్లు వదిలేసేవాళ్లు. రెండు తీర్లుగా రాయడం మంచిది. చిరునామాలో ‘ఆర్.ఎస్. ఖాజీపేట’ లాంటిది ఉంటే దగ్గరి రైల్వే స్టేషన్, ‘టి.ఓ.’ అంటే తంతి ఆఫీసు. 1953 అక్టోబరుకు ముందు చేరినవాళ్లకు ఖమ్మం వైపు ఊళ్లు కూడా వరంగల్ జిల్లాలోనే కనిపిస్తాయి.

పెన్షన్ లేకుండా వచ్చినవాళ్ల షీట్ రోల్‌ను 25 ఏళ్ల తర్వాత నిబంధనల ప్రకారం తగలబెడతారు. ‘డిస్ట్రాయిడ్’ అని జవాబొస్తే ఆగిపోకుండా లాంగ్ రోల్ నకలు అడగండి. దాన్ని ఉంచుతారు. అందులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, కారణం ఉంటాయి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు. వారసులని చూపే పత్రం జతచేయకపోతే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. ఫారాలు నింపడానికి వరంగల్, కరీంనగర్ సైనిక సంక్షేమ కార్యాలయాల్లో సాయం చేస్తారు.

పాత కాగితం ఏదైనా దొరికితే లామినేషన్ చేయించొద్దు. తడి గుడ్డతో తుడవొద్దు. ఊదా రంగు పెన్సిలు రాత నీళ్లు తగిలితే చెదిరిపోతుంది. నలుపు తెలుపు జిరాక్స్‌లో ఎర్ర సిరా నల్లగా వస్తుంది. శిక్షల గడిలో ఎర్ర సిరాకూ నల్ల సిరాకూ తేడా ఉంది కాబట్టి రంగు నకలే తీయించి పంపండి.