నర్సమ్మ జవాబులు: క్యాంపు పిల్లలకు పాలడబ్బాలు పంపొచ్చా?

(పిల్లల వార్డుల్లోనూ, తర్వాత బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శరణార్థి శిబిరాల్లోనూ పనిచేసిన నర్సు ఈసారి మీ ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: యుద్ధాల వల్ల ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయినవాళ్ల పిల్లల కోసం మా కాలనీ ఆడవాళ్లం పాలపొడి డబ్బాలు, పాలసీసాలు, పాత బట్టలు పోగు చేస్తున్నాం. ఇప్పటికే ఒక గది నిండింది. ఎవరికి పంపాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, కటువుగా ఉన్నా ముందే చెప్పేస్తున్నా. ఆ డబ్బాలు, సీసాలు పంపకండి.

పాలపొడి కలపాలంటే కాచిన నీళ్లు కావాలి, సీసా మరిగించాలి, పొయ్యిలోకి కట్టెలు కావాలి. 2017 ఆగస్టు తర్వాత కొద్ది నెలల్లోనే మయన్మార్‌లోని రఖైన్ నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయి వచ్చారు. చెట్లు కొట్టేసిన గుట్టల మీద వెదురు, టార్పాలిన్ గుడిసెలు వేసుకున్నారు. హడావుడిగా వేసిన బోర్లు చాలాచోట్ల మరుగుదొడ్ల పక్కనే ఉండేవి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి అని సహాయ సంస్థలు ఒక లెక్క పెట్టుకున్నాయి. అంత జనం ఒక్కసారి వచ్చిపడితే ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది? అలాంటి నీళ్లతో కలిపిన పాలు తాగిన పసివాడికి విరేచనాలు పట్టుకుంటాయి. పైగా సీసాకు అలవాటుపడినవాడు తల్లి దగ్గర తాగడం తగ్గిస్తాడు, దాంతో ఆమెకు పాలు పడటం తగ్గుతుంది. డబ్బా అయిపోయేసరికి అదీ లేదు, ఇదీ లేదు.

ఇండోనేషియాలోని జోగ్యకర్తాలో 2006 భూకంపం తర్వాత లెక్క తీశారు. ఉచిత పాలపొడి అందిన పిల్లల్లో విరేచనాలు, అందని పిల్లలతో పోలిస్తే రెట్టింపుకు పైగా కనిపించాయి.

తిండి లేని తల్లికి పాలెక్కడివి అంటారు. చిక్కిపోయిన తల్లికీ పాలు పడతాయి. ఆమెకు తిండి, నీళ్లు, బిడ్డకు పాలిచ్చేందుకు కాస్త మరుగు చూపిస్తే చాలు. తల్లి లేని పసివాడికి మాత్రం పాలపొడి ఇస్తారు, అదీ నర్సు కళ్లముందు, సీసాతో కాకుండా కప్పుతో. కాబట్టి డబ్బాలు కొన్న షాపువాణ్ణి వెనక్కి తీసుకోమని బతిమాలండి. ఆ డబ్బు క్యాంపుల్లో పనిచేసే సంస్థకు పంపండి. పాత బట్టలు మీ ఊళ్లోనే పంచేయండి.

ప్రశ్న: డొక్కలెండిన పిల్లల్ని టీవీలో చూపిస్తారు. కడుపునిండా అన్నం పెట్టకుండా ఆ వేరుశెనగ ప్యాకెట్లు, చేతికి టేపు కొలతలు ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: బాబూ, అంతగా చిక్కిపోయిన పిల్లవాణ్ణి రోగిగా చూడాలి. వాడి ఒళ్లు తనను తానే కరిగించుకుని బతుకుతుంటుంది. గుండె, కాలేయం, పేగులు అన్నీ నెమ్మదిస్తాయి. ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదముంది. అందుకే ఆసుపత్రిలో చేర్చాల్సిన పిల్లలకు మొదట ఎఫ్-75 అనే పాలు పడతాం. 100 మి.లీ.కి 75 కేలరీలే ఉంటాయి. 5 కిలోల పిల్లకు మూడు గంటలకోసారి 80 మి.లీ. రాత్రుళ్లూ నిద్రలేపి పట్టాల్సిందే, లేకపోతే చక్కెర పడిపోయి ఒళ్లు చల్లబడుతుంది. జ్వరం లేకపోయినా యాంటీబయోటిక్ ఇస్తాం. జ్వరం తెచ్చుకునే శక్తి కూడా ఆ ఒంట్లో ఉండదు మరి.

ఈ 80 మి.లీ. దగ్గరే మాకు గొడవలు. ఒక నానమ్మ కప్పు చూసి, "పిల్లికూనకు పోసినట్టు పోస్తారేంటి?" అని దుబాసీ చేత అడిగించింది. నేనటు తిరగ్గానే కొంగు చాటు నుంచి అరటిపండు తీసేది. (మన ఆసుపత్రుల్లో ఇడ్లీ తీస్తారు, అంతే తేడా.) కసిరితే లాభం లేదని కప్పు, కాగితం, పెన్సిలు ఆవిడ చేతికే ఇచ్చాం. బిడ్డ తాగినప్పుడల్లా ఒక గీత. ఇక రాత్రి రెండు గంటల కప్పు కాస్త ఆలస్యమైతే నన్ను నిలదీసింది ఆవిడే.

టేపు 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల జబ్బకు చుడతాం. 11.5 సెం.మీ. కంటే తక్కువైతే ఎరుపు, అంటే ప్రమాదకరంగా చిక్కిపోయినట్టు. అక్కడి నుంచి 12.5 లోపు పసుపు, అంటే కొంత చిక్కినట్టు. చదువు రాని తల్లి కూడా చూసుకోగలదు. రెండు పాదాలూ వాచి, బొటనవేలితో 3 సెకన్లు నొక్కితే గుంట పడితే మాత్రం టేపు ఏ రంగు చూపించినా చికిత్సే. ఆ వాపు చూసి బిడ్డ ఒళ్లు చేశాడని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు.

ఇక ప్యాకెట్. వేరుశెనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు. 92 గ్రాములు, 500 కేలరీలు. 1996లో ఫ్రాన్స్‌కు చెందిన ఆండ్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ తయారుచేశారు. తెనాలి అమ్మ కూడా ఇది చదవాలి: ఇందులోనూ పాలపొడి ఉంది, కానీ నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు. ఆకలి బాగా ఉండి, వేరే ప్రమాదమేదీ లేని పిల్లవాడు దీంతో ఇంటి దగ్గరే కోలుకుంటాడు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఈ పద్ధతికి మద్దతిచ్చాయి. అంతకుముందు మిగతా పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి తల్లి వారాల తరబడి వార్డులో కూర్చోవాల్సి వచ్చేది.

మన దేశంలో ఈ ప్యాకెట్ కావాలా, ఇంటి తిండి చాలా అని వాదన ఉంది. నా మటుకు నాకు, అంగన్‌వాడీ నడిచి, ఇంట్లో పొయ్యి వెలిగే ఊళ్లో బాలామృతం, గుడ్డు, పప్పన్నం చూసుకోవడమే మేలు. పొయ్యే లేని చోట ప్యాకెట్‌ను కాదనలేను.

ప్రశ్న: స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా చెల్లి శరణార్థి శిబిరాల్లో వైద్యం చేసే సంస్థలో చేరి విదేశం వెళ్తానంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చెప్పమంటారు?
– ఒక అన్నయ్య, కాకినాడ

జవాబు: టెన్షన్ అనవసరమని నేను అనను. 2015 అక్టోబరు 3న అఫ్ఘానిస్తాన్‌లోని కుందుజ్‌లో వైద్య సంస్థ ఎంఎస్‌ఎఫ్ ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేస్తే 42 మంది చనిపోయారు. పరిస్థితి చెడితే సిబ్బందిని బయటికి తెచ్చేది ఎవరో, ఇన్సూరెన్స్ ఏమిటో సంస్థను రాతపూర్వకంగా అడగమనండి.

ఎక్కువ రోజులు మాత్రం తట్టు టీకాలు, ఐస్ బాక్సులు, రిజిస్టర్లతోనే గడుస్తాయి. కిక్కిరిసిన మన వార్డుల్లో పనిచేసిన అనుభవం అక్కడ బాగా అక్కరకొస్తుంది. 2017 చివర్లో కాక్స్ బజార్ శిబిరాల్లో డిఫ్తీరియా అనే గొంతు జబ్బు వచ్చినప్పుడు, విదేశీ డాక్టర్లలో చాలామందికి అది పుస్తకంలో చదివిన జబ్బే. వెళ్లేముందు తను కూడా డిఫ్తీరియా బూస్టర్, హెపటైటిస్ బి టీకాలు వేయించుకోవాలి. సిగ్నల్ లేక వారం పాటు ఫోన్ రాకపోవచ్చని మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.