పరిశోధక జర్నలిజం: ముందు ఉద్యోగం, తర్వాతే పుస్తకం

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. పొగాకు సాగు చేస్తాను. మా అమ్మాయి ఒంగోలులో బి.ఏ. రెండో సంవత్సరం. పరిశోధక జర్నలిస్టునై పుస్తకాలు రాస్తాను, పాఠాలు కూడా చెబుతాను అంటోంది. ఇది అయ్యే పనేనా? ఇల్లు గడుస్తుందా?

జవాబు: అయ్యే పనేనండీ, కానీ మూడూ ఒక్కసారిగా రావు. పల్లెల పేదరికం మీద రాసి పేరు తెచ్చుకున్న పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 1980లో యు.ఎన్.ఐ. వార్తాసంస్థలో చేరారు. తర్వాత బ్లిట్జ్ వారపత్రికలో చాలాకాలం పనిచేశారు. 1993లో ఫెలోషిప్ వచ్చాక నిరుపేద జిల్లాలు తిరిగి రాసిన కథనాలు 1996లో పుస్తకంగా వచ్చాయి. మెగసెసే అవార్డు 2007లో. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో పాఠాలూ చెప్పారు. ఉద్యోగంలో చేరిన 16 ఏళ్లకు గాని ఆ పుస్తకం రాలేదు.

మీ భయం బహుశా మండల విలేకరులను చూసి కలిగింది. అది సబబే. వారిలో చాలామందికి జీతం ఉండదు, అచ్చయిన వార్త పొడవును బట్టి లైన్ అకౌంట్ అని కొంత డబ్బు ఇస్తారు, పైగా ప్రకటనలు తెమ్మంటారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీ యజమానిని ప్రకటన అడిగిన మనిషి, రేపు అదే క్వారీ లెక్కలు ఏ ముఖంతో అడుగుతాడు? అమ్మాయిని ఆ దారిలో పంపకండి. డిగ్రీ అయ్యాక పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్ల ప్రవేశపరీక్షలు రాయించండి. పి.జి. చదవాలనుకుంటే తిరుపతి మహిళా విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. చెన్నైలాంటి చోట ఫీజు బరువు, స్కాలర్‌షిప్ సంగతి తేలాకే అప్పు ఆలోచించండి.

ఈలోగా ఆమెకు మంచి అభ్యాసం మీ ఇంట్లోనే ఉంది. ఒక సీజన్ పొడవునా మీ ఊరి రైతులు వేలానికి తీసుకెళ్లిన బేళ్లు, గ్రేడు, పలికిన ధర, కొనేవారు లేక నోబిడ్ అయినవి తేదీలవారీగా రాయమనండి. గిట్టుబాటు ధర లేదని అందరూ రాస్తారు. ఏ గ్రేడుకు ఏ వారంలో ధర పడింది, ఆ రోజు కొనుగోలుదారులు ఎంతమంది వచ్చారు అన్నది కాగితాలతో చూపేవారు అరుదు. ఊళ్లో దొరకని వివరాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే అప్పీలు. ఉపాధి హామీ సామాజిక తనిఖీ సభకూ వెళ్లమనండి. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరున్న మనిషి నిజంగా పనికి వచ్చాడా అని అడగడం అక్కడ అలవాటవుతుంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి విసుగే, అయినా చదవాలి. పెద్ద కథనం కోసం హైదరాబాదు వెళ్లాలని పిల్లలు అనుకుంటారు గాని, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చిన ఉద్యమం మీ పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్నదే.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా వద్దంటాను. చదువు కాకముందే యూట్యూబ్ ఛానెల్ పెట్టి ఆరోపణలు చదవకూడదు. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అప్పుడు వెనుక సంస్థ గాని, లాయరు గాని ఉండాలి.

విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పడానికి సాధారణంగా 55 శాతం మార్కులతో పి.జి., ఆపై నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష గాని, రాష్ట్ర స్థాయి సెట్ గాని కావాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు నెట్ రాయడానికి గరిష్ఠ వయసు పరిమితి లేదు. పదేళ్లు వార్తలు రాశాక కూడా రాయవచ్చు.