రోజుకు పదకొండు ఒత్తులు

చి.ల.సౌ. బుజ్జికి, గుంటూరు నుంచి పెద్దమ్మ దీవించి రాసేది.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పప్పు ఉంది. సగం సగం చెప్పి పెట్టేశాను. అయినా ఒత్తులు చేయడం ఫోన్లో చెప్తే అర్థమయ్యే పని కాదు. వీడియోలో చూపించమన్నావు గానీ, నేను ఫోన్ పట్టుకుంటే వేళ్లకు బదులు నా గడ్డమే కనిపిస్తుందని మీ అన్నయ్య ఒకటే నవ్వు. అందుకే కాయితం మీద రాస్తున్నా.

ఈసారి కార్తీక పౌర్ణమికి 365 ఒత్తులూ నీ చేత్తోనే చేసి వెలిగిస్తానన్నావు. సంతోషం. కానీ "దీపావళి అయ్యాక ఒక ఆదివారం కూర్చుని తెగ్గొట్టేస్తా పెద్దమ్మా" అన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. పెళ్లయిన కొత్తలో నేనూ అదే పని చేశా. పొద్దున కాఫీ తాగి కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు నూట నలభై అయ్యాయి. బొటనవేలి మీద చర్మం లేచిపోయింది, మెడ పట్టేసింది, మధ్యలో మంచినీళ్లు అడిగిన పాపానికి మీ పెదనాన్న నా నోట పడ్డారు. మిగతావి బజార్లో కొని కలిపేశా. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నా.

విజయదశమి సాయంత్రం మొదలుపెట్టు. అక్కడి నుంచి కార్తీక పౌర్ణమి దాకా, ఆ రెండు రోజులూ కలుపుకుని, దాదాపు ముప్పై అయిదు రోజులు. రోజుకు పదకొండు చేస్తే 385 అవుతాయి, ఇరవై మిగులు. మధ్యలో అయిదు రోజులు కుదరకపోతే మిగతా రోజుల్లో పదమూడేసి చెయ్యి, సరిపోతాయి. ఆ అయిదు రోజులూ దూది ముట్టుకోవచ్చా అని అడిగావు. నన్నడిగితే దూదికి ఏ పట్టింపూ లేదంటాను. కానీ నువ్వుండేది మీ అత్తగారి ఇంట్లో, ఆవిడ ఎలా అంటే అలా కానీ. దీని మీద గొడవ పడి చేసే ఒత్తులు వద్దు.

ఇంకో మాట. 365 ఎందుకని నీలాగే నేనూ ఒకసారి మా పురోహితుడు గారిని అడిగా. ఏడాదికి రోజుకొకటి చొప్పున అన్నారు. మన చాంద్రమానం ఏడాదికి 354 రోజులేగా, మరి పదకొండు ఎక్కువెందుకన్నా. ఆయన కాసేపు పంచాంగం వైపు చూసి, "దీపం పెట్టడం మర్చిపోయిన రోజులు నీకు ఏడాదికి పదకొండైనా ఉండవా అమ్మా?" అన్నారు. నిజానికి నాకు ఇంకా ఎక్కువే ఉంటాయి.

ఇక పనిలోకి వద్దాం. పత్తి నేను పంపుతున్నా. మన పెరట్లో పత్తిచెట్టు ఈ ఏడు బాగానే కాసింది, అది చాలక ఊళ్లో పొలం నుంచి తెప్పించినది కొంత కలిపా. మొత్తం అరకిలో. ఇంత మూట చూసి బెదిరిపోకు. పత్తిలో మూడో వంతే దూది, మిగతా బరువంతా గింజదే. గింజ తీసేసరికి నూట అరవై, నూట డెబ్బై గ్రాములు మిగులుతుందేమో. 365 ఒత్తుల కట్టకు అది ధారాళం, నెలరోజుల సంధ్యాదీపానికి పువ్వొత్తులు కూడా అందులోనే వస్తాయి.

ముందు చాటలో పరిచి ఒక పూట ఎండబెట్టు. మీ ఫ్లాటులో ఎండ బాల్కనీకి ఎన్నింటికి వస్తుందో నీకే తెలియాలి, ఫ్యాను కింద మాత్రం పెట్టకు, ఇల్లంతా దూదే. ఎండిన పత్తిలో గింజ సులువుగా వదులుతుంది. గింజ తీశాక దూది ఏకాలి, నువ్వు వదిలేద్దామనుకునే పని ఇదేనని నాకు తెలుసు. చిటికెడు దూది తీసుకుని రెండు చేతుల వేళ్లతో అటూ ఇటూ లాగి, ఒకదాని మీద ఒకటి వేసి, మళ్లీ లాగాలి. నాలుగైదుసార్లు అలా చేస్తే ముడులు విడిపోయి, పోగులన్నీ ఒకే వైపుకు తిరిగి, వెలుతురుకు పట్టి చూస్తే పల్చటి మబ్బులా కనిపిస్తుంది. అక్కడక్కడ నల్లటి నలుసులుంటే ఏరెయ్యి. ఏకని దూదితో చేసిన ఒత్తి ఒకచోట లావు, ఒకచోట సన్నం. లావున్న చోట చిటపటమంటుంది, సన్నమున్న చోట తెగుతుంది.

ఒక్క హెచ్చరిక. గుంటూరు వాళ్లం కాబట్టి చెప్తున్నా, మిరపకాయల తొడిమలు తీసిన చేత్తో ఆ రోజు దూది జోలికి పోకు. ఘాటు దూదికి పడుతుంది, దీపం పెట్టేటప్పుడు కళ్లకు తెలుస్తుంది. నాకు తెలిసింది.

కట్టలోకి పువ్వొత్తులు పనికిరావు. పొడుగొత్తులే కావాలి. ఏకిన దూదిని అగరొత్తి పుల్లంత సన్నంగా వచ్చేట్టు తీసుకుని, ఎడమ అరచేతి మీద పెట్టి, కుడి అరచేతితో ముందుకు ఒక్కటే తోపు. వెనక్కి రుద్దావా, వేసిన పురి విప్పేసుకున్నట్టే. కొత్తవాళ్లందరూ చేసే తప్పు అదే. ఒక్కో ఒత్తి బెత్తెడు పొడుగుంటే చాలు. చేతులు జారుతుంటే మా అమ్మ పాలచుక్క అద్దేది. నేనూ అలాగే చేసేదాన్ని, కానీ పాలు తగిలిన ఒత్తులు డబ్బాలో పెడితే నాలుగు రోజులకు పుల్లవాసన, వారానికి బూజు. ఆ రోజే వెలిగించేవాటికి పాలు పర్వాలేదు. నెలరోజులు దాచేవాటికి విభూతే నయం. ఈ సంగతి నాకు చెప్పింది మా పక్కింటావిడ. ఆవిడది మంగళగిరి, చిన్నప్పుడు మగ్గాల దగ్గర అచ్చులు అతికిన చెయ్యి. పాత పడుగు పోగుకు కొత్త పోగును వేళ్లతో మెలేసి కలపడమన్నమాట, ముడి లేకుండా, రోజుకు వేలల్లో. బూడిద వేలికి అద్దుకుని ఆవిడ నా ముందు పది ఒత్తులు చేసేసరికి నేను రెండో దాంట్లో ఉన్నా. తడి కాదు అక్కయ్యా, పొడి కావాలి అంది.

చేసినవి పదేసి చొప్పున పక్కపక్కన పేర్చి, వదులుగా ఒక పోగు చుట్టి డబ్బాలో పెట్టు. ముప్పై ఆరు పదులు, ఒక అయిదు. లెక్క చివర్లో చూసుకుందామనుకోకు. మా అత్తగారు ఒక ఏడు మూడొందల పైన ఎక్కడో లెక్క తప్పి, మొత్తం కట్ట విప్పి వాకిట్లో పోసుకుని కూర్చున్నారు. అప్పుడే పిల్లి వచ్చింది. ఇక చెప్పక్కర్లేదు.

కట్ట కట్టే దారం గురించి నిలబెట్టి చెప్తున్నా, విను. ఒత్తుల కట్టను అదే దూదితో వడికిన దారంతోనే కట్టు. నేను ఒకసారి తొందరలో కుట్టుమిషను దగ్గరున్న తెల్లదారం తెంపి గట్టిగా ముడేశా. చూపుకు నూలులాగే ఉంది, తీరా చూస్తే టెరిలిన్. గుళ్లో దీపం పెట్టి ప్రదక్షిణకు లేచానో లేదో, మంట నడుము దాకా దిగి దారం కరిగి జారింది. 365 ఒత్తులూ మండుతూ పువ్వులా విచ్చుకుని ప్రమిద చుట్టూ పడ్డాయి. పక్కనావిడ చెంగు కాలిపోయేదే! పూజారి గారు నా ఇత్తడి పళ్లెం లాక్కుని బోర్లించారు గనక సరిపోయింది. ఎవరో చెంబుతో నీళ్లు ఎత్తితే ఆయన ఒక్క కేక వేశారు. మండే నెయ్యి మీద నీళ్లు పోస్తే మంట ఆరదు, చిమ్మి మీద పడుతుంది. నీ పక్కన ఎప్పుడూ ఒక పళ్లెం ఉంచుకో. నూలు చీర కట్టుకో, చెంగు బొడ్లో దోపుకో, పొడుగు చేతుల జాకెట్టు ఆ పూటకు వద్దు.

బజారు ఒత్తులు కొనడం పాపమేమీ కాదు, చేతకానప్పుడు నేనూ కొన్నాగా. కానీ కొన్నిటిలో నూలు కానిది కలుస్తోంది. ఒకటి తీసి అగ్గిపుల్లతో ముట్టించి చూడు. నూలైతే కాయితం కాలిన వాసన, వేలితో నలిపితే మెత్తటి బూడిద. నల్లపొగ వచ్చి కొసన గట్టిగా పూసలాగ ముద్దకట్టిందంటే అది దేవుడి ముందు పెట్టేది కాదు.

పౌర్ణమికి ముందురోజు రాత్రి ఆవునెయ్యి కరగబెట్టి, గోరువెచ్చగా ఉండగా కట్టను అందులో ముంచి ఉంచు. నాకు ఎప్పుడూ వంద గ్రాముల పైనే పట్టింది. నెయ్యి లోపలి దాకా పట్టకపోతే కాలేది నెయ్యి కాదు, దూది. అదే రాత్రి మట్టి మూకుడును నీళ్లలో నానేసి, పొద్దున్నే తీసి ఆరబెట్టు, లేదంటే నెయ్యంతా అదే తాగుతుంది. కొసలు మాత్రం కాస్తే బయటికి తియ్యి. ఎంత పొడుగు తీస్తే అంత మసి. బాల్కనీలో వెలిగించేట్టయితే కింద ఒక ఇటుక పెట్టు, ఉతికి ఆరేసిన బట్టలు ముందే తీసెయ్యి. దీని సెగ రోజూ పెట్టే దీపం సెగలా ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అత్తగారు "ఎందుకే ఈ చాకిరీ, బజార్లో దొరుకుతాయిగా" అన్నారని నొచ్చుకున్నావు. ఆవిడ వేళ్లు చూశావా ఈమధ్య? పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవడం నేను చూశా. కీళ్లవాపు ఉన్న మనిషి ఏటా ఈ పని చేసి, ఇప్పుడు చేయలేక, కోడలు మొదలుపెడుతుంటే ఏమంటారు? రాత్రి గిన్నెలు కడిగేశాక దూది తెచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చో. ఒత్తి చెయ్యమనకు, గింజ తియ్యమను. అది నొప్పిలేని పని. తీస్తూ తీస్తూ ఆవిడే మాట్లాడతారు. వాళ్లింట్లో ఒత్తి ఎలా చేసేవారో నాకు తెలియదు, పాలా విభూతా, బెత్తెడా జానెడా. ఆవిడ చెప్పింది నేను రాసినదానికి తేడాగా ఉంటే ఆవిడ చెప్పినట్టే చెయ్యి. పదకొండు ఒత్తులకు అరగంట. ఆ అరగంట టీవీ కట్టెయ్యమని మీ ఆయనతో నేను చెప్పానని చెప్పు.

పోలి కథ ఆవిడ చేతే చెప్పించుకో. నాకు తెలిసిన పాఠంలో, అత్తగారు తక్కిన కోడళ్లను వెంటబెట్టుకుని కార్తీకమంతా నదికి వెళ్తుంది, చిన్నకోడలు పోలిని ఇంటి చాకిరీకి వదిలేసి. దీపం పెట్టకుండా సరంజామా అంతా దాచేసి మరీ వెళ్తుంది. పోలి పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన దూది ఏరి ఒత్తి చేసి, కవ్వానికి అంటుకున్న వెన్న రాసి వెలిగించి, ఎవరికీ కనపడకుండా బుట్ట బోర్లిస్తుంది. స్వర్గం నుంచి విమానం పోలికే వస్తుంది. అత్తగారు పోలి కాళ్లు పట్టుకుని వేలాడి కిందపడుతుంది. మా అత్తగారు ఈ కథ చెప్పేటప్పుడు చివర్లో అత్త కిందపడే ముక్క ఎప్పుడూ మింగేసేవారు. మీ అత్తగారు ఏం చేస్తారో చూసి నాకు రాయి.

పోలి పాడ్యమి తెల్లవారుజామున మీరెలాగూ బెజవాడ దుర్గా ఘాట్‌కు వెళ్తారు. మిగిలిన ఇరవై ఒత్తులు అందుకు ఉంచు. దొప్పలు మాత్రం అరటిదే చూసి తీసుకో, థర్మాకోల్ పళ్లేల్లో దీపాలు వదిలితే మర్నాడు ఒడ్డున అవే తేలుతుంటాయి. నాలుగున్నర దాటితే మెట్ల మీద కాలు పెట్టే సందుండదు, తొందరగా బయల్దేరండి.

పత్తి మూట గురువారం మీ అన్నయ్య తెస్తాడు. పాత దిండు గలీబులో పోసి మూతి కుట్టాను, లోపల విభూతి పొట్లం, కొంచెం వడికిన దారం కూడా ఉన్నాయి. గలీబు ఉతికి వాడి చేతికే తిరిగి పంపు. దాని జత నా దగ్గరుంది.

ఉంటాను.
పెద్దమ్మ