పికప్ వెనక సగంతో కట్టించిన ట్రాలీ: ప్రమాదానికి పాత పాలసీ పనికొస్తుందా?

ప్రశ్న: మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. కూరగాయల వ్యాపారానికి మా నాన్నగారు కొన్న చిన్న పికప్ ఆయన పోయాక నా పేరు మీదికి మారింది. ఇంజిన్ పట్టేయడంతో మూలన పడింది. ఇనుప కొట్టుకు వేయడానికి మనసొప్పలేదు. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అబ్బాయి పంపిన వీడియో చూసి, 2024 నవంబరులో వెల్డింగ్ షాపులో వెనక సగం కోయించి ట్రాక్టరుకు తగిలించే ట్రాలీ చేయించాను. 68,000 రూపాయలు ఇచ్చాను. క్యాబిన్, ఇంజిన్ ఉన్న ముందు సగం పాత ఇనుము వాళ్లకు అమ్మేశాను. 2025 మార్చి 9న 36 టిక్కీల (సంచుల) మిర్చి వేసుకుని నేనే ట్రాక్టరు నడుపుతూ గుంటూరు యార్డుకు వెళ్తుంటే డ్రాబార్ (ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఇనుప కడ్డీ) అతుకు ఊడింది. విడిపోయిన ట్రాలీ పక్కకు దొర్లి ఎదురుగా వస్తున్న బైకును కొట్టింది. బైకు నడుపుతున్న కుర్రవాడి కాలు విరిగింది. ట్రాలీ వెనక తలుపుకు పికప్ పాత నంబరు ప్లేటు అలాగే ఉండిపోవడంతో ఎఫ్.ఐ.ఆర్.లో ఆ నంబరే రాశారు. పికప్ బీమా పాలసీ మే నెలాఖరు దాకా ఉంది. ప్రమాదం పికప్‌తోనే జరిగిందని ఫారం నింపితే కంపెనీయే కడుతుందని ఒక ఏజెంటు అంటున్నాడు. పెద్దమనుషులు లక్షన్నరకు రాజీ చేస్తామంటున్నారు. వెల్డింగ్ చేసినవాడు నా చిన్ననాటి స్నేహితుడే, ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: మీరు పంపిన ఉత్తరం ఏడు పేజీలు. అందులో నాలుగు పేజీలు నాన్నగారి గురించి, రెండు పేజీలు స్నేహితుడి ద్రోహం గురించి రాశారు. కేసును తేల్చే సంగతి మాత్రం ఐదో పేజీ అడుగున ఒకే వాక్యంలో ఉంది: వెనక తలుపుకు పాత నంబరు ప్లేటు అలాగే ఉండిపోయింది. ఆ ప్లేటు మీకు అదృష్టంలా కనిపిస్తున్నది. నాకు అది మీ మెడకు చుట్టుకోబోయే ఉచ్చులా కనిపిస్తున్నది.

తేలవలసిన విషయం ఒక్కటే. మార్చి 9న ఆ రోడ్డు మీద బైకును కొట్టిన వాహనం చట్టం దృష్టిలో ఏది? అది పికప్ కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 2(46) సెక్షన్ ప్రకారం మోటారు వాహనం లాగే బండి, లేదా లాగడానికి ఉద్దేశించిన బండి ట్రైలర్ అవుతుంది. 2(28) సెక్షన్ ఆ ట్రైలర్‌ను కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది. కనుక మీరు పికప్‌ను కోయించి డ్రాబార్ అతికించిన రోజునే ఒక కొత్త వాహనం తయారైంది, దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే బీమా కావాలి. 61వ సెక్షన్ ఇంకొక మాట కూడా చెబుతుంది: ట్రైలర్‌కు దాని నంబరు పక్కన ఉండాలి, దాన్ని లాగే బండి నంబరు వెనక కనిపించాలి. అంటే మీ ట్రాలీ వెనక ఉండవలసింది ట్రాక్టరు నంబరు. దాని బదులు ఇంజిన్, క్యాబిన్ లేని ఒక పికప్ నంబరు పెట్టుకుని మీరు నాలుగు నెలలు తిరిగారు. చట్టం లెక్కలో మీ పికప్ ఇంకా చావలేదు, మీ ట్రాలీ ఇంకా పుట్టలేదు.

ఇక ఏజెంటు చెప్పిన దారి సంగతి. ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, అది కంపెనీ చేతికి వెళ్లకముందే వెనక్కి తీసుకోండి. ఎఫ్.ఐ.ఆర్.లో నంబరు తప్పు పడితే అది పోలీసుల పొరపాటు. ఆ పొరపాటును వాడుకుని మీరు క్లెయిము వేస్తే అది మీ నేరం. ప్రస్తుతం మీ మీద ఉన్నవి భారతీయ న్యాయ సంహితలోని 281, 125(బి) సెక్షన్లు, రెండూ బెయిలు హక్కుగా దొరికే నేరాలు. అబద్ధపు క్లెయిముతో డబ్బు రాబట్టడం 318(4) కింద మోసం, దానికి ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు, అందులో బెయిలు హక్కుగా రాదు. పైగా ఈ అబద్ధం ఒక్క పూట కూడా నిలవదు. ప్రమాదానికి గురైన బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్, అంటే మన వాళ్లు బ్రేకు ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి, పరీక్షించి రిపోర్టు ఇస్తారు. ఆయన స్టేషన్ ఆవరణలో ఉన్న మీ ట్రాలీ దగ్గరికి వెళ్లి వేసే మొదటి ప్రశ్న ఇంజిన్ ఎక్కడ అని. రెండో ప్రశ్న చాసిస్ నంబరు ఎక్కడ అని. నంబరు కొట్టి ఉన్న ముక్క ముందు సగంతోనే పోయిందని మీరే రాశారు. స్టీరింగు లేని పికప్‌ను మీరు గుంటూరు దాకా ఎలా నడిపారో ఏజెంటును చెప్పమనండి. కేసు పడ్డ రోజున ఆయన మీ పక్కన నిలబడడు.

అయితే బాధితుడికి డబ్బు ఎవరు కట్టాలి? మీ ట్రాక్టరు పాలసీ నకలు చూశాను. ట్రైలర్ అన్న గడిలో సున్నా ఉంది, ఆ ప్రీమియం మీరు కట్టలేదు. కంపెనీ మొదట చూపేది ఆ సున్నానే. అయినా వాదనకు చోటు ఉంది. ట్రాలీకి సొంత శక్తి లేదు, దాన్ని లాగింది బీమా ఉన్న ట్రాక్టరు, మోటారు వాహనాల చట్టం 147వ సెక్షన్ కింద పాలసీ వర్తించవలసింది బహిరంగ స్థలంలో వాహనాన్ని వాడటం వల్ల కలిగిన గాయానికి, కాబట్టి ఈ గాయం ట్రాక్టరు వాడకం వల్ల కలిగినదే అని మీ న్యాయవాది గట్టిగా వాదించవచ్చు. ఆ వాదన నెగ్గినా మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ మొదట కంపెనీ చేత బాధితుడికి కట్టించి, ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకొమ్మని కంపెనీకి చెప్పే అవకాశం ఉన్నది. ఓడితే మీరే కట్టాలి. కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. మీ రెండున్నర ఎకరాలు దేనికి పూచీ అవుతాయో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. లైసెన్సు గురించి మాత్రం కంగారు పడనక్కర్లేదు. 7,500 కిలోల లోపు బండ్లకు ఎల్.ఎం.వి. (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ఆరు నెలలు గడిస్తే బాధితుడు కేసు వేయలేడని ఎవరో మీకు చెప్పారట. 166(3) సెక్షన్‌లో ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు దరఖాస్తు చేయాలన్న గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న మాట నిజమే. ఆ లెక్కన సెప్టెంబరు 9తో అది ముగుస్తుంది. ఆ నిబంధన చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు, అది అలా ఉంచండి. మీకు చెప్పినవాళ్లు దాని కిందనే ఉన్న 166(4) చదవలేదు. 159వ సెక్షన్ కింద పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపే ప్రమాద నివేదికనే పరిహార దరఖాస్తుగా తీసుకోవాలని అందులో ఉంది. బాధితుడు ఇంట్లో కూర్చున్నా కాగితం కోర్టుకు వెళ్తుంది. కాబట్టి గడువు మీద ఆశ పెట్టుకుని కాలం గడపకండి.

పెద్దమనుషుల రాజీని వద్దనను, కాని వంద రూపాయల స్టాంపు కాగితం మీద వద్దు. లక్షన్నర తీసుకుని సంతకం చేసిన మనిషి, రేపు కాలికి రెండో ఆపరేషన్ కావలసి వస్తే మళ్లీ ట్రిబ్యునల్‌కు వెళ్తాడు. మీరిచ్చిన డబ్బుకు లెక్క చెప్పుకోవడానికే ఇంకో ఏడాది పడుతుంది. అదే రాజీని మండల న్యాయసేవల కమిటీ ద్వారా లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. అక్కడ వచ్చే అవార్డు 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. గాయపరచిన నేరాన్ని కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. 281వ సెక్షన్ మాత్రం రాజీకి వీలు లేనిది, ఆ భాగం కోర్టులో విడిగా తేలవలసిందే.

ఇప్పుడు వెల్డరు సంగతి. స్నేహం తెగిందన్న మీ బాధకు నా దగ్గర మందు లేదు, అతుకు తెగినదానికి మాత్రం ఉంది. డబ్బు తీసుకుని చేసిన పని సేవే. ఆ సేవలో లోపం ఉంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు, 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు. అయితే వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలో వేయాలి. ఆ రెండేళ్లు అతుకు ఊడిన రోజు నుంచి అని మనం అంటాం, బండి చేతికి ఇచ్చిన రోజు నుంచి అని అవతలి వకీలు అంటాడు. ఆ గొడవే లేకుండా 2026 అక్టోబరు లోపు వేయండి.

అవతలి పక్షం ఏం చెబుతుందో ముందే తెలుసుకోండి. ఒకటి బరువు. సంచి 40 కిలోలు అనుకున్నా 36 టిక్కీలు 1,440 కిలోలు. మీరు రాసిన ప్రకారం ఆ పికప్ మోయదగిన సరుకు 750 కిలోలు. కమీషన్ ఏజెంటు ఇచ్చిన తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) తూకం ఉంటుంది కాబట్టి దాచడం కుదరదు. రెండోది ఇంతకంటే పదునైన వాదన: రోడ్డు మీద తిప్పడానికి వీలు లేని బండిని మీరే చేయించుకున్నారు, తప్పుడు పనికి పరిహారం ఏమిటి అని. దానికి జవాబు ఉన్నది. ఇనుము కోసి ట్రాలీ కట్టడం దానంతటది నేరం కాదు, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించడం నేరం. కాని మీరు అతనికి పొలంలోకే అని చెప్పారా, యార్డుకు కూడా అని చెప్పారా? మీ వాట్సాప్ సందేశంలో "యార్డు దాకా తట్టుకుంటుందా" అని మీరే అడిగారు. ఆ సందేశాన్ని చెరిపేయకండి. "లారీ లాగినా ఊడదు" అన్న అతని జవాబు కూడా దాని కిందే ఉంది, మీ ఫిర్యాదుకు బలం అక్కడే. కమిషన్ మీ తప్పుకు కొంత కోత వేసి మిగతాది ఇప్పించే అవకాశం ఉంది.

సాక్ష్యం విషయంలో మీ అజాగ్రత్త చూసి కోపం వచ్చింది. అరవై ఎనిమిది వేలు ఇచ్చి ఒక్క బిల్లు తీసుకోలేదు. అతను లెక్క రాసిచ్చిన అట్టముక్కను కూడా పోగొట్టుకున్నారు. ఇక మిగిలినవి మూడే: ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు, ఊడిన అతుకు. ఫోను మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ ఆ ఫోను మీదనే తీసుకోవాలి. అతుకు ఇంకా ముఖ్యం. మీరు పంపిన ఫోటోలో డ్రాబార్ కుడి కాలు చాసిస్ చానల్‌ను పట్టుకున్న చోట వెల్డింగు పైపైన పూసినట్లుంది, దాని కింద పాత పెయింటు పొర అలాగే మెరుస్తున్నది. పెయింటు గీకకుండా అతికిస్తే ఇనుము ఇనుమును పట్టదని ఏ మెకానిక్ అయినా చెబుతాడు. ఆ చోటును మళ్లీ వెల్డు చేయించకండి, తుప్పు పట్టకుండా టార్పాలిన్ కప్పమని స్టేషన్‌లో రాతపూర్వకంగా కోరండి, "బాగు చేసి ఇస్తాను" అని అతను వచ్చినా ముట్టుకోనివ్వకండి. వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద కమిషనే దాన్ని పరీక్షకు పంపగలదు. ఇంకొకటి కూడా ఫోటోలో కనిపిస్తున్నది: పికప్ వెనక చక్రాల బ్రేకు పైపులు కోసి మడిచేసి ఉన్నాయి. నలభై బస్తాలకు దగ్గర సరుకుతో బ్రేకు లేని, గొలుసు కూడా లేని ట్రాలీ లాగారన్నమాట. మీ అబ్బాయి ఉంటున్న ఆస్ట్రేలియాలో ఇలాంటి చిన్న పికప్‌ను యూట్ అంటారు, దాని వెనక సగంతో ట్రైలర్ కట్టుకోవడం అక్కడ ఉన్న ముచ్చటే. కాని అక్కడ కూడా చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటితే బ్రేకులు ఉండి తీరాలి, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కనివ్వరు. వీడియోలో ఆ భాగం ఎవరూ చూపించరు.

ఇక చేయవలసినవి. మీ న్యాయవాది ద్వారా స్టేషన్ హౌస్ ఆఫీసరుకు ఉత్తరం ఇచ్చి, ప్రమాదానికి గురైంది పికప్ కాదని, ఫలానా ట్రాక్టరుకు తగిలించిన ట్రాలీ అని సరిచేయించండి. ఒకటి రెండు వాక్యాలు చాలు, కథ రాయకండి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కోరే విధంగా ట్రాక్టరు బీమా కంపెనీకి పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, చోటు, గాయపడిన వ్యక్తి, నడిపిన వ్యక్తి వివరాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రెండు నెలలు ఆలస్యమైనా పంపండి. రిజిస్ట్రేషన్ లేనందుకు, బీమా లేనందుకు 192, 196 సెక్షన్ల కింద జరిమానాలు పడతాయి, వాటిని తప్పించుకునే ప్రయత్నంలో పెద్ద కేసు తెచ్చుకోకండి. ఆ ట్రాలీకి ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయించవచ్చా అని కూడా అడిగారు. రవాణా కార్యాలయం తయారీదారు ఇచ్చే 22వ నంబరు ఫారం అడుగుతుంది, మీ స్నేహితుడు ఆ ఫారం ఇవ్వదగిన తయారీదారు కాడు. కోర్టు పూచీకత్తు మీద బండి తిరిగి వచ్చినా అది పొలం గట్టు దాటకూడదు. యార్డుకు వెళ్లాలంటే కాగితాలున్న ట్రైలర్ కొని, ట్రాక్టరు పాలసీలో ఆ గడి నింపించండి.

పికప్ ఆర్.సి. ఇంకా మీ బీరువాలో ఉన్నదని రాశారు. 55వ సెక్షన్ ప్రకారం వాడకానికి పనికిరాకుండా పోయిన బండి సంగతి 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్.సి. అప్పగించవలసింది. మీరు ఆరు నెలలు ఊరుకున్నారు. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఉన్న ముక్కలు మీకు తెలియని చేతుల్లో, మీ పేరు మీద తిరుగుతున్నాయి. ఏ దొంగ బండికి ఆ నంబరు ఎక్కినా పోలీసులు ముందు వచ్చేది మీ గుమ్మానికే. ఈ వారంలోనే ఆ పాత ఇనుము కొట్టుకు ఇద్దరు సాక్షులతో వెళ్లండి. నంబరు ముక్క ఇంకా అక్కడే ఉంటే ఫోటో తీయండి. కరిగించడానికి పంపేసి ఉంటే ఎవరికి, ఎప్పుడు అమ్మాడో రాయించుకుని సంతకం తీసుకోండి. ఆ కాగితం, ఆర్.సి., ఎఫ్.ఐ.ఆర్. నకలు జతచేసి రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు ఇచ్చి, కార్యాలయం ముద్ర వేసిన రసీదు దగ్గర పెట్టుకోండి.